గుర్రాన్ని మార్చి కట్టిన రోజుల నుంచి కాంటాక్టర్ దాకా



ఈ పాఠాన్ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. పట్టాల మీద నడిచే ఒక బండి ఉంది. దాన్ని ఒక గుర్రం లాగుతోంది. దారి చివరికి చేరింది. ఇప్పుడు బండి వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. రోడ్డు మీది జట్కా అయితే చుట్టూ తిప్పుకోవచ్చు. పట్టాల మీది బండిని అలా తిప్పడం కుదరదు. మరి ఏం చేస్తారు?

జవాబు మీరే చెప్పగలరు. గుర్రాన్ని విప్పి, రెండో చివరకు నడిపించుకెళ్లి, అక్కడ కట్టాలి. బండి కదలదు, గుర్రమే చోటు మారుతుంది. అప్పటిదాకా వెనక ఉన్న చివర ఇప్పుడు ముందు అవుతుంది.

మన దేశంలో ఈ దృశ్యాన్ని మొదట చూసిన నగరం కలకత్తా. (2001 నుంచి దాని అధికారిక నామం కోల్‌కతా. పాత సంగతులు చెప్పేటప్పుడు పాత పేరే వాడతాను, తికమకపడకండి.) 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మీనియన్ ఘాట్ వరకు, సుమారు 3.9 కిలోమీటర్ల దూరం గుర్రపు ట్రామ్ నడిచింది. ఆదరణ లేక అదే ఏడాది నవంబరులో ఆగిపోయింది. 1880లో కలకత్తా ట్రామ్‌వేస్ కంపెనీ లండన్‌లో నమోదైంది, మీటర్ గేజ్ పట్టాల మీద గుర్రపు ట్రామ్ మళ్లీ వచ్చింది. ఆ ఏడాది నవంబరు 1న వైస్రాయ్ లార్డ్ రిప్పన్ ప్రారంభించాడు. 1882లో ఆవిరి ఇంజన్లతో కూడా ప్రయత్నించి చూశారు. అయినా ఆ శతాబ్దం ముగిసేసరికి కంపెనీ దగ్గర 166 బండ్లు, వాటి కోసం వెయ్యి గుర్రాలు ఉండేవి. వెయ్యి గుర్రాలకు రోజూ గడ్డి, నీళ్లు, దాణా, వైద్యం! బండి నడిచినా నడవకపోయినా గుర్రం తినక మానదు కదా. కంపెనీ లెక్కల్లో ఈ ఖర్చు ఎంత బరువుగా కనిపించి ఉంటుందో ఊహించుకోండి.

1902 మార్చి 27న ఎస్‌ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్ వరకు తొలి విద్యుత్ ట్రామ్ నడిచింది. ఈ విషయంలో మన మద్రాసు ఏడేళ్లు ముందుంది. 1895 మే 7నే అక్కడ విద్యుత్ ట్రామ్ మొదలైంది. అప్పటి మద్రాసులో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు కనుక, విద్యుత్ బండి ఎక్కిన తొలి భారతీయుల్లో మనవాళ్లూ ఉన్నారనుకోవచ్చు. మద్రాసు ట్రామ్ 1953లో ఆగిపోయింది. కలకత్తాలో మాత్రం ఆ తర్వాత కూడా ఎన్నో దశాబ్దాలు నడిచింది.

గుర్రం పోయి, దాని స్థానంలో 550 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో తిరిగే మోటారు వచ్చింది. ఏకముఖ విద్యుత్తునే మనం డీసీ అంటాం. దారి చివర అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది. బండి కింద, ఇరుసు పక్కన బిగించిన మోటారును విప్పి రెండో వైపు కట్టలేం. ఉన్నచోటనే ఉంచి దాన్ని వెనక్కి తిరిగేలా చేయాలి. ఎలా?

రెండూ మారిస్తే ఏదీ మారదు

మీరు పదో తరగతిలో చదివిన ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధనను ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. చూపుడు వేలు అయస్కాంత క్షేత్రం, మధ్య వేలు విద్యుత్ ప్రవాహం, బొటన వేలు తీగ మీద పనిచేసే బలం. ఇప్పుడు చేతిని అలాగే ఉంచి, ప్రవాహం దిశను మాత్రం తిప్పి చూడండి. బొటన వేలు కూడా తిరగబడుతుంది. ప్రవాహాన్ని మార్చకుండా క్షేత్రం దిశను తిప్పినా అంతే. మరి రెండింటినీ ఒకేసారి తిప్పితే? బొటన వేలు మొదట ఎటు చూపిందో మళ్లీ అటే చూపుతుంది.

ఇక్కడే చాలామంది విద్యార్థులు పొరబడతారు. మోటారుకు వచ్చే ప్లస్, మైనస్ తీగలను తారుమారు చేస్తే చాలు, అది వెనక్కి తిరుగుతుందని అనుకుంటారు. బొమ్మకారులోని మోటారు విషయంలో ఇది నిజమే. అందులో క్షేత్రాన్ని ఇచ్చేది శాశ్వత అయస్కాంతం. సెల్లును తిప్పి పెడితే ప్రవాహం ఒక్కటే మారుతుంది. కానీ ట్రామ్ మోటారులో క్షేత్రాన్ని కూడా తీగచుట్టే పుట్టిస్తుంది. ఆ చుట్ట, తిరిగే ఆర్మేచర్ రెండూ వరసగా, అంటే శ్రేణిలో కలిపి ఉంటాయి. బయటి తీగలను తారుమారు చేస్తే రెండింటిలోనూ ప్రవాహం తిరగబడుతుంది, మోటారు మాత్రం మొదటి దిశలోనే తిరుగుతుంది. మీ ఇంట్లో మిక్సీ మోటారు ఈ జాతిదే. ఇంటికి వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటున్నా పచ్చడి ఒకే దిశలో నలుగుతుంది.

కాబట్టి ఆర్మేచర్‌ను గానీ, క్షేత్రపు చుట్టను గానీ, రెండింటిలో ఒక్కదాన్నే తిప్పాలి. ట్రామ్ డ్రైవరు ముందుండే ఇత్తడి పిడి గల పెద్ద డబ్బాను కంట్రోలర్ అంటారు. వేగాన్ని మార్చే పెద్ద పిడికి పక్కనే రివర్సర్ అనే చిన్న పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే లోపల ఉన్న స్తంభం లాంటి డ్రమ్ము తిరిగి, దాని మీది రాగి పలకలు వేరే తీగలను తాకుతాయి. రెండు పిడుల మధ్య లోపల ఒక గొళ్లెం కూడా ఉంటుంది. వేగపు పిడి సున్నా దగ్గర లేకపోతే రివర్సర్ కదలదు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

కలకత్తా ట్రామ్‌లలో ఒక విశేషం ఉంది. చాలా టెర్మినస్‌లలో పట్టాలను వలయంలా వేశారు. బండి చుట్టూ తిరిగి వచ్చేస్తుంది, వెనక్కి నడపాల్సిన పని పెద్దగా ఉండదు. మరి అంత శ్రమపడి రివర్సర్ ఎందుకు పెట్టారు? డిపోలో అటూ ఇటూ జరపడానికి ఒకటి. రెండోది ప్రాణానికి సంబంధించినది.

పాత తరం ట్రామ్ డ్రైవర్లకు ఒక ఆఖరి ఉపాయం నేర్పేవారు. బ్రేకులు పట్టకపోతే, ఎదురుగా మనిషి అడ్డం వస్తే, కరెంటు ఆపి, రివర్సర్‌ను వెనక్కి తిప్పి, వేగపు పిడిని రెండు మోటార్లూ సమాంతరంగా ఉండే మెట్టుకు తీసుకెళ్లాలి. పై తీగ నుంచి కరెంటు పోయినా సరే, బండి ఆగుతుంది! కరెంటే లేనప్పుడు మోటారు బండిని ఎలా ఆపుతుంది? ఇది కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాల్సిన సంగతి.

పరుగెత్తే బండి చక్రాలు మోటారును తిప్పుతూనే ఉంటాయి. తిరిగే మోటారు డైనమోలా విద్యుత్తును పుట్టిస్తుంది. 1873లో వియన్నా ప్రదర్శనలో గ్రామ్ యంత్రాలు ఈ రెండు రూపాలనూ లోకానికి చూపించాయి. కానీ శ్రేణి మోటారు డైనమోగా మారినప్పుడు దానిలో ప్రవాహం వెనక్కి పారుతుంది. ఆ వెనక్కి పారే ప్రవాహం క్షేత్రపు చుట్టలోకి వెళ్లి, ఇనుములో మిగిలి ఉన్న కాస్త అయస్కాంతత్వాన్నీ తుడిచిపెట్టేస్తుంది. క్షేత్రం లేకపోతే విద్యుత్తు లేదు, విద్యుత్తు లేకపోతే బ్రేకు లేదు. రివర్సర్‌ను తిప్పితే చుట్టకూ ఆర్మేచర్‌కూ ఉన్న సంబంధం తారుమారై, ఆ ప్రవాహం మిగిలిన అయస్కాంతత్వానికి బలం చేకూరుస్తుంది. క్షేత్రం పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, ప్రవాహం పెరిగితే క్షేత్రం మరింత పెరుగుతుంది. క్షణాల్లో రెండు మోటార్లూ ఒకదానిలోకి ఒకటి కరెంటును తోసుకుంటూ చక్రాలను బిగబట్టేస్తాయి. బండిలో ఉన్నవాళ్లు ముందుకు తూలిపడతారు, గేర్లు మూలుగుతాయి. రోడ్డు మీది మనిషి బతుకుతాడు.

వెనక్కి తిప్పే పిడి ముందుకు వెళ్లే బండిని ఆపడానికి పనికొచ్చింది. చక్రాల నుంచి విద్యుత్తును పుట్టించి, దాన్ని నిరోధాల్లో వేడిగా మార్చేసే రియోస్టాటిక్ బ్రేకు దీని తర్వాతి రూపమే. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు మీలో కొందరు ఎక్కే ఉంటారు. ఆ కొత్తవలస–కిరండూల్ మార్గం 1980ల మొదట్లో విద్యుదీకరణ అయింది. అనంతగిరి ఘాట్ దిగే ఖనిజపు గూడ్సు బండ్లను వాల్తేరు షెడ్డు ఇంజన్లు పట్టి ఉంచినది ఇలాంటి బ్రేకుతోనే. వాటిలో డీసీ శ్రేణి మోటార్లే ఉండేవి. పై తీగలో 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు ఉన్నా, ఇంజన్ లోపల దాన్ని తగ్గించి, ఏకముఖంగా మార్చుకునేవారు.

లిఫ్టు నుంచి రైలుకు

కంట్రోలర్ డబ్బాతో ఒక చిక్కు ఉంది. మోటారుకు వెళ్లే కరెంటంతా డ్రైవరు చేతి కింద నుంచే పోవాలి. ఒక ట్రామ్‌కు ఫరవాలేదు. ఆరు పెట్టెల రైలుకు, ప్రతి పెట్టెలోనూ మోటార్లు ఉంటే? వాటన్నిటి కరెంటునూ ఒకే డబ్బా గుండా పంపలేం.

ఈ ముడి విప్పినవాడు అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ స్ప్రేగ్. 1888లో రిచ్‌మండ్ నగరంలో విద్యుత్ ట్రామ్‌లను పెద్ద ఎత్తున నడిపి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత న్యూయార్కులో విద్యుత్ లిఫ్టుల తయారీలోకి దిగాడు. ఎన్నో లిఫ్టులను ఒకే చోటి నుంచి, చిన్న స్విచ్చుతో నడిపించవచ్చని అక్కడ గమనించాడు. లిఫ్టులకు కుదిరినది రైలు పెట్టెలకు ఎందుకు కుదరదు? 1897లో షికాగో సౌత్ సైడ్ ఎలివేటెడ్ రైల్వే కోసం ఆ ఆలోచనను అమలు చేశాడు. ఆ ఏడాది పరీక్షల్లో ఆరు పెట్టెల రైలును అతని పదేళ్ల కొడుకు నడిపి చూపించాడు. డ్రైవరు చేతి నుంచి వెళ్లేది స్వల్పమైన కరెంటే. అది సన్నని తీగల గుండా ప్రతి పెట్టెకూ వెళ్లి, అక్కడ ఉన్న స్విచ్చులను పనిచేయిస్తుంది. మోటారు కరెంటు ఆ పెట్టెలోనే ఉంటుంది.

విద్యుదయస్కాంతంతో మూసుకునే ఆ బలమైన స్విచ్చునే తర్వాతి కాలంలో కాంటాక్టర్ అన్నారు. దాని నిర్మాణం సులభం. ఒక తీగచుట్ట, దాని మధ్య ఇనుము, ఎదురుగా కదిలే ఇనుప ముక్క, దానికి బిగించిన లోహపు పలకలు, ఒక స్ప్రింగు. చుట్టలో చిన్న కరెంటు పారితే ఇనుము ఇనుమును లాగి, పలకలు కలుస్తాయి, పెద్ద కరెంటు పారుతుంది. చుట్టలో కరెంటు ఆపితే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది. మీ ప్రయోగశాలలో చూసిన రిలే దీని తమ్ముడే.

కలకత్తా ఎత్తుకు ఎదిగిన కథలో కాంటాక్టర్‌కు సొంత అధ్యాయం ఉంది. 1899 ఏప్రిల్ 17న ప్రిన్సెప్ స్ట్రీట్ దగ్గర ఇమాంబాగ్ లేన్‌లో నగరపు తొలి విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. నడిపింది లండన్‌లో నమోదైన కలకత్తా ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్. అది పంచినది డీసీ విద్యుత్తు. ప్రపంచమంతా ఏకాంతర విద్యుత్తుకు మళ్లిన తర్వాత కూడా కలకత్తా నడిబొడ్డున ఉన్న పాత భవనాల్లో డీసీ చాలాకాలం నిలిచిపోయింది. వాటి లిఫ్టుల్లో, ఫ్యాన్లలో ఉన్నవి డీసీ మోటార్లు మరి! మనదేశంలో తొలి లిఫ్టు కూడా కలకత్తా రాజ్‌భవన్‌లోనే, 1892లో బిగించారని చెబుతారు.

1990లలో నేను ఒక పని మీద కలకత్తా వెళ్లినప్పుడు, డల్హౌసీ ప్రాంతంలో ఓ పాత భవనంలో అలాంటి లిఫ్టు ఎక్కాను. ఇనుప జాలీ తలుపు, లోపల చెక్క బల్ల. మీట నొక్కగానే పైనెక్కడో ‘ధడ్’ మని శబ్దం. కిందికి దిగేటప్పుడు మళ్లీ ‘ధడ్’, కానీ కాస్త వేరే గొంతుతో. కుతూహలం ఆపుకోలేక పై గదికి ఎక్కాను. అక్కడ ఓ పెద్దాయన గుడ్డతో పలకలు తుడుస్తూ కనిపించాడు. నా ఇంగ్లీషు విని, “ఏటి బాబూ, తెలుగోలా?” అన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి తండ్రి హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లు పనికి వచ్చాడట, ఈయన ఇక్కడే పుట్టాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులోనూ, జూట్ మిల్లుల్లోనూ తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ల సంగతి నాకు తెలుసు. కానీ లిఫ్టు గదిలో తెలుగు వినపడుతుందని ఊహించలేదు.

నల్లరాతి పలక మీద పక్కపక్కనే రెండు పెద్ద కాంటాక్టర్లు. ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండింటి మధ్య త్రాసుకోలలాంటి ఇనుప కమ్మీ. ఒకటి మూసుకుంటే ఆ కమ్మీ వాలి రెండోదాన్ని తోసిపట్టి ఉంచుతుంది. “ఈ కమ్మీ ఎందుకు బాబాయ్?” అని అడిగాను, తెలిసీ. ఆయన కమ్మీని వేలితో తట్టి, “రెండూ ఒక్కపాలి పడకూడదు బాబూ. పడితే గదంతా మెరుపే” అన్నాడు.

ఆ మాటను ఇప్పుడు కాగితం మీద గీసి చూద్దాం.

నాలుగు పలకలు, ఒక ప్రమాదం

ఒక డీసీ మోటారు గీయండి. ఆర్మేచర్ చివరలకు ఏ1, ఏ2 అని పేర్లు పెట్టండి. క్షేత్రపు చుట్టకు విడిగా, ఎప్పుడూ ఒకే దిశలో కరెంటు ఇవ్వండి. లిఫ్టుల్లో సాధారణంగా ఇలాగే చేస్తారు, ఆర్మేచర్‌ను మాత్రమే తిప్పుతారు. క్షేత్రపు చుట్టను పదేపదే తెరిచి మూయడం మంచిది కాదు. దానిలో వందల చుట్లు ఉంటాయి కాబట్టి ప్రవాహం ఒక్కసారిగా ఆగదు, తెరిచినచోట పెద్ద వోల్టేజీ పుడుతుంది. అంతకన్నా భయం ఇంకోటి ఉంది. క్షేత్రం ఒక్కసారిగా బలహీనపడితే బరువు లేని షంట్ మోటారు వేగం అదుపు తప్పి పెరుగుతుంది.

ఇక ‘ముందు’ కాంటాక్టర్‌కు రెండు పలకలు. ఒకటి ప్లస్‌ను ఏ1తో కలుపుతుంది, రెండోది ఏ2ను మైనస్‌తో కలుపుతుంది. ‘వెనక’ కాంటాక్టర్‌కూ రెండు పలకలు. ఒకటి ప్లస్‌ను ఏ2తో, రెండోది ఏ1ను మైనస్‌తో కలుపుతుంది. మొదటిది మూస్తే ఆర్మేచర్‌లో ప్రవాహం ఏ1 నుంచి ఏ2కు, రెండోది మూస్తే ఏ2 నుంచి ఏ1కు. అంతే, మోటారు దిశ మారింది.

ఇప్పుడు రెండూ కలిసి మూసుకున్నాయనుకోండి. పెన్సిల్‌తో దారి వెతకండి. ప్లస్ నుంచి ఏ1కు, ఏ1 నుంచి నేరుగా మైనస్‌కు! మధ్యలో మోటారే లేదు. ఆ పెద్దాయన చెప్పిన మెరుపు ఇదే. అందుకే ఒకటి మూసి ఉండగా రెండోది మూసుకోకుండా కట్టడి చేయాలి. దీన్ని ఇంటర్‌లాక్ అంటారు. ఇనుప కమ్మీ ఒక రకం. రెండో రకం విద్యుత్తుతో చేసేది. ప్రతి కాంటాక్టర్‌కూ పెద్ద పలకలతో పాటు చిన్న సహాయక కాంటాక్టులు ఉంటాయి. కాంటాక్టర్ విడిచి ఉన్నప్పుడు మూసి ఉండి, అది పట్టుకున్నప్పుడు తెరుచుకునే దాన్ని మెకానిక్కులు ఎన్‌సీ అంటారు. ‘ముందు’ దాని ఎన్‌సీ గుండానే ‘వెనక’ చుట్టకు కరెంటు వెళ్లాలి, ‘వెనక’ దాని ఎన్‌సీ గుండా ‘ముందు’ చుట్టకు. ఒకటి పని చేస్తున్నంతసేపూ రెండోదానికి దారి తెగిపోయి ఉంటుంది.

తరగతిలో ఇది చెబితే అందరూ తల ఊపుతారు. నేనూ ఏళ్లపాటు అలాగే చెబుతూ వచ్చాను. ఒక కళాశాల ప్రదర్శనలో జరిగిన సంగతి తర్వాత నా పద్ధతి మారింది. ఓ విద్యార్థి బొమ్మ క్రేను తయారుచేశాడు. తొమ్మిది కారు బ్యాటరీలు వరసగా కలిపి 108 వోల్టులు, ఒక పాత డీసీ మోటారు, బజారులో దొరికిన రెండు కాంటాక్టర్లు. వాటి మీద 415 వోల్టులని రాసి ఉంది, మనకు 108 చాలు కదా అనుకున్నాడు. ఇంటర్‌లాక్ కూడా పెట్టాడు, కానీ కాంటాక్టర్ల నుంచి కాదు, నొక్కే మీటల నుంచి. ఒక మీట నొక్కితే రెండోదాని దారి తెగుతుంది. పటం చూసి ‘బాగుంది’ అని సంతకం పెట్టింది నేనే.

ఉదయమంతా క్రేను చక్కగా పనిచేసింది. మధ్యాహ్నం ‘పైకి’ కాంటాక్టర్ పలకలు అతుక్కుపోయాయి. చుట్టలో కరెంటు ఆగినా పలకలు విడిపోలేదు. అది తెలియని పిల్లవాడు ‘కిందికి’ మీట నొక్కాడు. మీటల ఇంటర్‌లాక్ తన పని తాను చేసింది, మొదటి చుట్టకు కరెంటు ఆపింది, రెండోదానికి ఇచ్చింది. పలకల సంగతి మీటకేం తెలుసు? బ్యాటరీల శక్తంతా ఆ నాలుగు పలకల మధ్య వెలిగిపోయింది. పిల్లవాడి అరచెయ్యి కాలింది. రెండు వారాల్లో మానింది గానీ, ఆ ముఖం అంతకన్నా దగ్గరగా ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ వస్తుంది.

ఇంటర్‌లాక్ మనిషి ఏం కోరాడో చూడకూడదు, యంత్రం ఏ స్థితిలో ఉందో చూడాలి. సహాయక ఎన్‌సీ కూడా పెద్ద పలకలతో గట్టిగా జోడైన రకం కావాలి. అప్పుడు పలకలు అతుక్కుంటే ఎన్‌సీ తెరుచుకునే ఉంటుంది, రెండో కాంటాక్టర్ పట్టుకోదు, క్రేను కదలకుండా మొరాయిస్తుంది. మొరాయించే యంత్రం మనకు మంచిదే.

మరి పలకలు ఎందుకు అతుక్కున్నాయి? ఆ కాంటాక్టర్లు ఏకాంతర విద్యుత్తు కోసం చేసినవి. పారుతున్న ప్రవాహాన్ని తెంచినప్పుడు పలకల మధ్య ఆర్క్ అనే నిప్పు వారధి ఏర్పడుతుంది. మన 50 హెర్ట్‌జ్ ఏకాంతర విద్యుత్తులో ప్రవాహం సెకనుకు వందసార్లు సున్నా అవుతుంది. ఆ సున్నా దగ్గర ఆర్క్ ఆరిపోతుంది. డీసీలో సున్నా అనేదే రాదు. పలకలు విడిపోతున్నా నిప్పు సాగుతూ మండుతూనే ఉంటుంది, లోహం కరుగుతుంది. కరిగిన లోహం మళ్లీ కలిసినప్పుడు వెల్డింగే! అందుకే ఒకే కాంటాక్టర్‌కు డీసీలో అనుమతించే వోల్టేజీ ఏసీలో కన్నా చాలా తక్కువగా ఉంటుంది. కొనేముందు డీసీ విలువ చూడాలి, లేదా తయారీదారు అనుమతించినట్లు రెండు మూడు పలకలను వరసగా కలపాలి.

డీసీ కోసం చేసిన కాంటాక్టర్‌లో ఆర్క్‌ను ఊదేసే ఏర్పాటు ఉంటుంది. పలకల పక్కన మోటారు కరెంటే పారే మందపాటి తీగచుట్ట ఒకటి పెడతారు. అది పుట్టించే అయస్కాంత క్షేత్రం ఆర్క్‌ను పైనున్న గదిలోకి తోస్తుంది. అక్కడి పలకల మధ్య ఆర్క్ సాగి, చల్లబడి, తెగిపోతుంది. ఆర్క్ కూడా ప్రవాహాన్ని మోసే తీగ లాంటిదే కదా, ఎడమచేతి నిబంధన దానికీ వర్తిస్తుంది! ఇప్పుడు మొదట చెప్పుకున్న మాట గుర్తు తెచ్చుకోండి. ప్రవాహం తిరగబడితే ఈ చుట్టలోనూ తిరగబడుతుంది, ఆర్క్‌లోనూ తిరగబడుతుంది. రెండూ మారాయి కాబట్టి బలం దిశ మారదు, ఆర్క్ ఎప్పుడూ బయటికే ఊదబడుతుంది. ఏ సంగతి ట్రామ్ మోటారును వెనక్కి తిప్పడానికి అడ్డు వచ్చిందో, అదే ఇక్కడ రక్షగా పనిచేస్తోంది. చుట్టకు బదులు శాశ్వత అయస్కాంతం పెట్టిన కాంటాక్టర్లూ ఉన్నాయి. వాటిలో కొన్నిటి మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. తిప్పి కలిపితే ఆర్క్ లోపలికి ఊదబడుతుంది. ఆ గుర్తు అలంకారం కోసం కాదు.

తిరుగుతుండగా తిప్పితే

రివర్సర్ పిడికి గొళ్లెం ఎందుకని వాయిదా వేసుకున్నాం. ఒక చిన్న లెక్క చేద్దాం. 440 వోల్టుల డీసీ షంట్ మోటారు. ఆర్మేచర్ నిరోధం అర ఓమ్. మామూలుగా 40 ఆంపియర్లు తీసుకుంటూ తిరుగుతోంది. నిరోధంలో పోయేది 20 వోల్టులు. మిగతా 420 వోల్టులు తిరిగే ఆర్మేచర్ తనంతట తాను పుట్టించే వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం. ఆగి ఉన్న మోటారులో ఈ 420 ఉండదు. అందుకే నిరోధం లేకుండా నేరుగా కలిపితే 440ను అరతో భాగించగా 880 ఆంపియర్లు.

పూర్తి వేగంతో తిరుగుతుండగా ఆర్మేచర్‌ను తిప్పి కలిపారనుకోండి. అప్పటిదాకా ఎదిరించిన 420 వోల్టులు ఇప్పుడు 440కి తోడవుతాయి. 860ను అరతో భాగిస్తే 1,720 ఆంపియర్లు! మామూలు ప్రవాహానికి నలభై మూడు రెట్లు. కమ్యుటేటర్ మీద నిప్పుల వలయం లేస్తుంది, ఇరుసు మెలితిరగవచ్చు. కాబట్టి దిశ మార్చేముందు మోటారు ఆగేదాకా వేచి ఉండాలి, లేదా మధ్యలో తగినంత నిరోధం చేర్చాలి. లిఫ్టులో కాంటాక్టర్ విడిచిన వెంటనే స్ప్రింగు బ్రేకు పడి మోటారును ఆపుతుంది. మళ్లీ కాంటాక్టర్ పట్టుకుంటేనే విద్యుదయస్కాంతం ఆ బ్రేకును తెరుస్తుంది. కరెంటు పోతే లిఫ్టు కింద పడిపోతుందని భయపడేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. కరెంటు పోతే ఆ బ్రేకు పట్టుకుంటుంది.

పెద్ద ఇంజన్లలో మరో క్రమం కూడా పాటిస్తారు. ముందు లైన్ కాంటాక్టర్లు తెరుచుకుని కరెంటు తెంచుతాయి. కరెంటు లేని వేళ రివర్సర్ తిరుగుతుంది. తర్వాత లైన్ కాంటాక్టర్లు మూసుకుంటాయి. ఆర్క్ దెబ్బ తినేది లైన్ కాంటాక్టర్లే. రివర్సర్ పలకలకు నిప్పు అంటదు కాబట్టి అవి ఏళ్ల తరబడి మన్నుతాయి.

హుగ్లీ కింద

1984 అక్టోబరు 24న ఎస్‌ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు 3.4 కిలోమీటర్ల దూరం కలకత్తా మెట్రో నడవడం మొదలైంది. దేశంలో ఇదే తొలి మెట్రో. పక్కన వేసిన మూడో పట్టా నుంచి 750 వోల్టుల డీసీ తీసుకునే ఆ రైళ్ల పెట్టెలు మద్రాసు పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. రెండు చివరలా డ్రైవరు గదులు. చివరి స్టేషను రాగానే డ్రైవరు తాళం తీసుకుని, ప్లాట్‌ఫారం మీద నడుచుకుంటూ రెండో చివరకు వెళతాడు. గుర్రపు ట్రామ్ నాడు గుర్రం నడిచిన దారి! అక్కడ తాళం పెట్టి తిప్పితే, సన్నని తీగల గుండా ఆజ్ఞ ప్రతి మోటారు పెట్టెకూ చేరుతుంది. స్ప్రేగ్ కొడుకు పదేళ్ల వయసులో నడిపిన పద్ధతే ఇది. ఆ తొలితరం ఏసీ లేని రైళ్లకు 2021 అక్టోబరు 24న, సరిగ్గా ముప్పై ఏడేళ్లకు వీడ్కోలు చెప్పారు.

2024 మార్చిలో హుగ్లీ నది కింద సొరంగంలో మెట్రో నడవడం మొదలైంది. ఆ రైళ్లకు కూడా మూడో పట్టా నుంచి 750 వోల్టుల డీసీయే అందుతుంది. కానీ మోటార్లు మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తువి. డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్, మూడు ఫేజుల వరసలో రెండింటి స్థానాలు మార్చి పంపితే మోటారు వెనక్కి తిరుగుతుంది. ఆ మార్పు కంప్యూటరులో జరుగుతుంది. ‘ధడ్’ మనే శబ్దం లేదు, ఆర్క్ లేదు, తుడవాల్సిన పలకలు లేవు. అదే ఏడాది సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, మైదాన్–ఎస్‌ప్లనేడ్ వారసత్వ మార్గం తప్ప మిగతా ట్రామ్‌లను ఆపేస్తామని ప్రకటించింది. నగరంలో చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. నాకూ బాధగానే ఉంది, అయితే నా బాధలో సగం ఆ ఇత్తడి పిడి కోసమని ఒప్పుకుంటాను.

కాంటాక్టర్ మాత్రం ఎక్కడికీ పోలేదు. గోదాముల్లో బ్యాటరీతో నడిచే పాత రకం ఫోర్క్‌లిఫ్టు మూత తెరిచి చూస్తే ముందు, వెనక కాంటాక్టర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. మీ వీధిలో చప్పుడు లేకుండా వెళ్లే విద్యుత్ కారులో దిశ మార్చే పని ఇన్వర్టర్‌దే. కానీ దాని బ్యాటరీ ప్లస్, మైనస్ రెండు వైపులా ఒక్కో డీసీ కాంటాక్టర్ ఉంటుంది. వందల వోల్టుల డీసీ కాబట్టి పలకలు అతుక్కుపోయే భయం వాటికీ ఉంది. అందుకే చాలా కార్లలో కాంటాక్టర్లను తెరవమని ఆజ్ఞ ఇచ్చాక, అవి నిజంగా తెరుచుకున్నాయా లేదా అని కంప్యూటరు వోల్టేజీ కొలిచి చూసుకుంటుంది. అతుక్కున్నట్టు తేలితే డ్రైవరుకు హెచ్చరిక చూపిస్తుంది.